అర్ద్, ఎర్త్, తాటిపూడి

కువైట్,
12 జూన్ 1998

పెదనాన్నగారికి మీ దుర్గ నమస్కారాలు.

ముందు పెద్దమ్మ మోకాలి సంగతి రాయండి, మిగతా కబుర్లు తర్వాత. నేను పంపిన ఆయింట్‌మెంటు బీరువాలో దాచుకోవద్దని చెప్పండి. అది రాసుకోవడానికి పంపాను, చుట్టాలకి చూపించుకోవడానికి కాదు.

ఈ ఏడాది మొదట్నుంచీ ఆస్పత్రిలో నాకు పిల్లల వార్డులో నర్సు డ్యూటీ వేశారు. పిల్లలకి ఇంగ్లీషు రాదు కాబట్టి వాళ్ళ దగ్గరే అరబ్బీ నేర్చుకుంటున్నాను. నేర్చుకునేకొద్దీ నాకొక అనుమానం పట్టుకుంది. మీరు పెద్దాపురం హైస్కూల్లో ముప్ఫై ఏళ్ళు ఇంగ్లీషు చెప్పారు, మీరే తీర్చాలి. భూమిని వీళ్ళు అర్ద్ అంటారు, ఇంగ్లీషులో ఎర్త్. గుహని కహ్ఫ్ అంటారు, అక్కడ కేవ్. పంచదార సుక్కర్, అది షుగర్. దూది కుత్న్, అది కాటన్. ఇన్ని మాటలు ఒకేలా ఎలా ఉన్నాయి? మా ఫార్మసీలో మహ్మూద్ అని ఈజిప్టు ఆయన ఉన్నాడు. ఇంగ్లీషు మొత్తం అరబ్బీలోంచే పుట్టిందని రోజూ వాదిస్తాడు. మా పెదనాన్నగారిని అడిగి చెబుతాను, అప్పటిదాకా ఆగమన్నాను.

ఇంకో విచిత్రం. మా ల్యాబులో కొత్తగా ఒకాయన చేరారు. తుని దగ్గరవాళ్ళు, పేరు ఉదయభాస్కర్. ఆయన ఇంటిపేరు కూడా తాటిపూడే! ఆఫీసువాళ్ళు మా ఇద్దరి డ్యూటీ కాగితాలూ కలిపేసి, ఒక వారం ఆయన్ని పిల్లల వార్డుకీ నన్ను ల్యాబుకీ వేశారు. ఆయన వచ్చి పిల్లల మధ్య బిక్కమొహం వేసుకుని నిలబడ్డారు.

మీరు కళ్ళజోడు మార్చుకున్నారా? నా మీద ఒట్టేసి చెప్పండి.

మీ
దుర్గ

*

పెద్దాపురం,
2 జులై 1998

చిరంజీవి వెంకటదుర్గకి మీ పెదనాన్న అప్పాజీ ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివి నాకు ఒళ్ళు మండిపోయింది. నీ మీద కాదు, ఆ మహ్మూద్ మీద. మందులిచ్చుకునేవాడు మందులిచ్చుకోక భాషల జోలికెందుకూ? వాడు ఎదురుగా ఉంటే బెంచీ ఎక్కించేవాణ్ణి. ఇక్కడ మరిడమ్మ జాతర మైకులు చెవులు బద్దలు కొడుతున్నా సరే, వాడి కోసం కూర్చుని రాస్తున్నాను. ఇది వాడికి చదివి వినిపించు.

రెండు మాటలు వినడానికి ఒకేలా ఉన్నంత మాత్రాన చుట్టాలైపోవు. ఇది గోడ మీద రాసి పెట్టుకోమను. ముందు వాటి పాత రూపాలు చూడాలి. ఎక్కడ పుట్టాయి, ఏ దేశాలు దాటాయి, దారిలో ఎవరి నోట పడ్డాయి, ఇవన్నీ తెలియాలి. షుగర్ సంగతి తీసుకో. మన శర్కర పారశీకుల మీదుగా అరబ్బులకి చేరి సుక్కర్ అయింది, వాళ్ళ దగ్గర్నుంచి ఐరోపా వెళ్ళింది. కాటన్, లెమన్ కూడా అరబ్బీ నుంచి వెళ్ళినవే, ఆ మాట ఒప్పుకుంటాను. అవి అరువు తెచ్చుకున్న మాటలు. పక్కింటి గిన్నె మనింట్లో ఉంటే పక్కింటివాళ్ళు మనకి తోబుట్టువులైపోరు కదా!

ఇక అర్ద్, ఎర్త్. వీటికి ఏ సంబంధమూ లేదు. ఎర్త్ తోబుట్టువు జర్మన్ భాషలో ఉంది, ఎర్డె. అర్ద్ తోబుట్టువు హీబ్రూలో ఉంది, ఎరెత్స్. వంశాలే వేరు. కహ్ఫ్, కేవ్ కూడా అంతే. ఉత్త కాకతాళీయం. రుజువు లేకుండా చుట్టరికం కలిపేవాడు పండితుడు కాదు, వట్టి వాగుడుకాయ.

అదలా ఉంచు. తాటిపూడివాడు ఒకడు అక్కడున్నాడని రాశావు చూడు, మీ పెద్దమ్మా నేనూ ఎంత పొంగిపోయామో! తాటిపూడి అన్నాక ఇంకేం చూడాలి? మనవాడే. నీకు అన్న వరస అవుతాడు. దేశం కాని దేశంలో మనకో మగదిక్కు దొరికింది. ఇప్పట్నుంచీ అన్నయ్యా అని పిలువు. అతనికి విడిగా చీటీ రాసి ఇందులో పెట్టాను. చెల్లెలికి ఇరవై ఎనిమిదేళ్ళు వచ్చాయనీ, అక్కడ మనవాళ్ళలో మంచి సంబంధం ఏదైనా ఉంటే అన్నగా చూసిపెట్టే బాధ్యత అతనిదేననీ రాశాను.

కళ్ళజోడు మార్చుకుంటాను. ఒట్లు వెయ్యకు.

ఆశీస్సులతో,
అప్పాజీ

*

కువైట్,
20 జులై 1998

పెదనాన్నగారికి నమస్కారాలు.

మీరు రాసింది మహ్మూద్‌కి ఇంగ్లీషులో చెప్పాను. షుగర్, కాటన్ దగ్గర ఒప్పుకున్నందుకు సంతోషించాడు. ఎర్త్ దగ్గర కాదన్నందుకు అలిగాడు.

మీ చీటీ ఆయనకిచ్చాను. చదివి, మడిచి, జేబులో పెట్టుకుని వెళ్ళిపోయారు. ఆ రోజు భోజనానికి కూడా రాలేదు.

పెదనాన్నా, ఆయన్ని అన్నయ్యా అని పిలవమన్నారు. నేను పిలవలేను. నా వల్ల కాదు. ఎందుకని ఇప్పుడు అడగకండి, మనసు కుదుటపడ్డాక రాస్తాను.

పెద్దమ్మని అడిగానని చెప్పండి.

దుర్గ

*

పెద్దాపురం,
5 ఆగస్టు 1998

దుర్గా,

ఏం చేశాడు వాడు? ఉన్నదున్నట్టు రాయి. ఒక్క ముక్క దాచావంటే నా మీద ఒట్టే.

అన్నయ్యా అని పిలవలేనంటే అర్థం చేసుకోలేనంత వెర్రివాణ్ణి కాను. మొహం చాటేశాడు, భోజనానికి రాలేదు. అంటే తప్పు చేసినట్టేగా! ఒకే ఇంటిపేరు, ఒకే రక్తం, తోడబుట్టిన దానిలా చూసుకోవాల్సిన పిల్ల. సిగ్గు లేదూ? పైగా నేను పెద్దవాణ్ణి, చేతులు పట్టుకుని అడిగినట్టు చీటీ రాశాను. మీ ఆస్పత్రి సూపరింటెండెంటుగారికి ఇంగ్లీషులో ఉత్తరం రాసి సిద్ధంగా ఉంచాను. నీ దగ్గర్నుంచి సంగతి తెలియగానే రిజిస్టరు పోస్టులో పడేస్తాను. ఆ ఉత్తరం చదివాక వాడు ఏ ల్యాబులోనూ ఒక్క సీసా ముట్టుకోలేడు.

మీ పెద్దమ్మ మాత్రం నా మాట వినడం లేదు. "పిల్ల రాసిందాన్లో ఏడుపు లేదండీ, మీరు తొందరపడకండి" అంటుంది. ఆవిడకి ఉత్తరాలు చదవడం నాకంటే బాగా వచ్చినట్టు!

నువ్వు భయపడకు. నేనున్నాను.

పెదనాన్న

*

కువైట్,
22 ఆగస్టు 1998

పెదనాన్నా,

మీ కాళ్ళు పట్టుకుంటాను, సూపరింటెండెంటుగారికి ఏమీ పంపకండి. ఆయన ఏ తప్పూ చెయ్యలేదు. పెద్దమ్మే సరిగ్గా చదివింది.

ఇంక దాచలేను. మార్చిలో మా వార్డులో నాలుగేళ్ళ పాప పోయింది. నా చేతుల్లోనే పోయింది. డ్యూటీ అయ్యాక మెట్ల మీద కూర్చుని ఏడుస్తున్నాను. ఆయన కిందకి దిగుతూ చూసి, రెండు మెట్ల కింద కూర్చున్నారు. ఏడవకండి అనలేదు, ఏమైంది అనలేదు. నేను లేచేదాకా అలాగే కూర్చుని, లేచాక మంచినీళ్ళు తెచ్చిచ్చి వెళ్ళిపోయారు. అక్కణ్ణించి మొదలైంది. జూన్‌లో కొత్తగా చేరారని మీకు రాశాను, అది అబద్ధం. ఆయన పేరు మీ చెవిన ఎలాగోలా వెయ్యాలని అలా రాశాను.

నేను ఆయన్నే చేసుకోవాలనుకుంటున్నాను. ఆయనా అంతే. అందుకే మీ చీటీ చదివిన రోజు అన్నం తినలేకపోయారు. నాకు వరుణ్ణి వెతకమని మీరు ఆయన్నే పురమాయించారు!

వాళ్ళ నాన్నగారు ఒప్పుకోలేదు. ఇంటిపేరు ఒకటి కాబట్టి అన్నాచెల్లెళ్ళ వరసట. మీరైనా ఔనంటారని నా ఆశ. ఇక్కడ రిజిస్టరు పెళ్ళి చేసుకున్నవాళ్ళు ఉన్నారు. నాకు అది వద్దు. అమ్మా నాన్నా పోయిన నాడు మీరిద్దరూ నన్ను ఒళ్ళో వేసుకున్నారు. మీరు పీటల మీద కూర్చుని కన్యాదానం చేస్తేనే నాకు పెళ్ళి. లేకపోతే లేదు, ఇలాగే ఉండిపోతాను.

దుర్గ

*

పెద్దాపురం,
8 సెప్టెంబరు 1998

దుర్గకి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. చదివిన ప్రతిసారీ తల తిరిగింది.

ఒకే ఇంటిపేరు వాళ్ళు పెళ్ళి చేసుకోవడమేంటి? ఎక్కడైనా విన్నామా, కన్నామా? నలుగురూ మొహాన ఉమ్మెయ్యరూ? శుభలేఖలో అటు తాటిపూడి, ఇటు తాటిపూడి అని వేస్తే ప్రెస్సువాడే నవ్వుతాడు. చదువుకున్నదానివి, పది మందికి ప్రాణం పోసేదానివి, నీకు వావీ వరసా నేను చెప్పాలా?

గోత్రాలు చూడమని రాయబోతావేమో, మన రైతు కుటుంబాల్లో గోత్రం సగం మందికి తెలియదు. తెలిసిన సగం మంది పంతులుగారు ఏది చెబితే అదే అంటారు. మనకి ఇంటిపేరే లెక్క. పేరు ఒకటైతే మూలం ఒకటి. ఇందులో ఆలోచించడానికేముంది?

పీటల మీద కూర్చోను. కూర్చోలేను. చెల్లెల్ని అన్నకిచ్చి కన్యాదానం చేసే పాపం నాకొద్దు. ఇంక ఈ సంగతి మీద ఉత్తరం రాయకు. పెద్దమ్మ మోకాలు అలాగే ఉంది.

అప్పాజీ

*

కువైట్,
25 సెప్టెంబరు 1998

పెదనాన్నగారికి,

రాయవద్దన్నారు. రాస్తున్నాను. మీ పెంపకమే, ఊరుకోవడం రాలేదు.

మీరు జులై రెండో తారీఖున రాసిన ఉత్తరం నా ఎదురుగా ఉంది. "రెండు మాటలు వినడానికి ఒకేలా ఉన్నంత మాత్రాన చుట్టాలైపోవు. ఎక్కడ పుట్టాయి, ఏ దేశాలు దాటాయి, దారిలో ఎవరి నోట పడ్డాయి, ఇవన్నీ తెలియాలి." గోడ మీద రాసి పెట్టుకోమన్నారు కదా, మహ్మూద్ నిజంగానే ఫార్మసీ గోడకి అంటించాడు. రోజూ అది చూస్తూ లోపలికి వెళ్తున్నాను. చూసినప్పుడల్లా నాకు కోపం వస్తోంది. అదే ఉత్తరంలో, అదే కాగితం మీద, అవతలి పేజీలో "తాటిపూడి అన్నాక ఇంకేం చూడాలి" అని రాశారు!

అర్ద్‌కీ ఎర్త్‌కీ మీరు ఎంత విచారణ చేశారండీ! జర్మన్ వెళ్ళారు, హీబ్రూ వెళ్ళారు. ముక్కూ మొహం తెలియని మాటలకి అంత న్యాయం చేసిన మనిషి, సొంత పిల్లకి తుని దాకా వెళ్ళలేరా? పెద్దాపురం నుంచి తుని ఎంతని? మహ్మూద్‌ని వాగుడుకాయ అన్నారు. రుజువు లేకుండా చుట్టరికం కలిపేవాళ్ళని ఏమనాలో మీరే రాశారు, నేను మళ్ళీ రాయను.

మా ఇద్దరికీ మూలం ఒకటేనని రుజువు చూపించండి. చూపిస్తే ఆయన్ని అన్నయ్యా అని నా నోటితో పిలుస్తాను. లేకపోతే ఆ మాట వెనక్కి తీసుకోండి.

దుర్గ

*

పెద్దాపురం,
20 అక్టోబరు 1998

దుర్గా,

రుజువు చూపించమన్నావు. నన్నే! సరే, రుజువుతో నీ నోరు మూయిద్దామని మొన్న సోమవారం పొద్దున్నే తుని బస్సెక్కాను. అక్కణ్ణించి ఆటోలో వాళ్ళ ఊరు వెళ్ళాను. జరిగిందంతా రాస్తాను, చదివి నువ్వే చెప్పు, ఇంత అవమానం ఈ వయసులో నాకు అవసరమా?

ఉదయభాస్కర్ తండ్రి పేరు వీరవెంకటసత్యనారాయణ. పేరు ఎంత పొడుగో నోరూ అంత పొడుగు. మొదట్లో బాగానే ఉంది. గుమ్మంలో నన్ను చూడగానే "రండి అన్నయ్యగారూ" అని కౌగిలించుకున్నాడు. ఈ పెళ్ళి జరగకూడదని ఇద్దరం ఒక్క మాట మీద ఉన్నాం. ఆయన భార్య బుల్లెమ్మగారు పనసపొట్టు కూర చేసి అరిటాకు వేశారు. అబద్ధమెందుకు, కూర బ్రహ్మాండంగా ఉంది.

భోజనం చేస్తూ, ఇద్దరం ఒకటేనని రుజువు కట్టేద్దామని పాత సంగతులు తీశాను. తమ్ముడూ, మనం ఎక్కణ్ణించి వచ్చామంటారు అన్నాను. "మా ముత్తాతలు విజయనగరం అవతల తాటిపూడి నుంచి వచ్చారండి. మీరు మా దగ్గర్నుంచి విడిపోయిన చిన్న వాటా అయ్యుంటారు" అన్నాడు. చిన్న వాటా! మనం! మన తాతలు గోదావరి అవతల తాటిపూడి నుంచి పడవలో దాటి వచ్చారు, వీళ్ళ మొహం ఎప్పుడూ చూడలేదు అన్నాను. తాటిచెట్లున్న చోటల్లా ఒక తాటిపూడి ఉంటుంది, మీది ఏ చెట్ల కిందదో ఎవరికి తెలుసు అన్నాను.

అప్పటికీ ఊరుకుందును. అసలు రుజువు ఇంటివేల్పు దగ్గర తేలుతుంది కదా, మీ ఇంట్లో పెళ్ళికి ముందు ఎవరికి పెడతారు అని అడిగాను. "పట్టిసీమ వీరభద్రుడికండి. సంబరం చెయ్యకుండా మా ఇంట్లో పందిరి రాట పాతం. మీరూ అంతేగా?" అన్నాడు. కాదు, ఏనాడో పోయి వేల్పైన మా ఇంటి ఆడపడుచు పాపాయమ్మ పేరంటాలికి చీరా చలిమిడీ పెడతాం, ఆ చీర పెద్దకోడలు కట్టుకుంటుంది అని చెప్పాను. ఆ మనిషి ఏమన్నాడో తెలుసా? "అయ్యో, మీ తాతలు దేవుణ్ణి మర్చిపోయి ఆడమనిషిని పట్టుకున్నారన్నమాట" అని నవ్వాడు.

నవ్వాడు దుర్గా! పాపాయమ్మని! నీకు విషజ్వరం వచ్చినప్పుడు మీ పెద్దమ్మ ఎవరికి మొక్కింది? మన ఇంట్లో పుట్టిన ప్రతి పిల్లకీ మొదటి చీర ఎవరి ముందు పెట్టి కడతాం? ఆకు మీద అన్నం వదిలేసి చెయ్యి కడిగేసుకున్నాను. బుల్లెమ్మగారు పెరుగు గిన్నెతో అలాగే నిలబడిపోయారు, పాపం.

వీధిలో నిలబడి చెప్పాను, నలుగురూ వినేలా చెప్పాను. ఊరు వేరు, దారి వేరు, వేల్పు వేరు. మీకూ మాకూ ఏ చుట్టరికమూ లేదు. పేరు కలిసినంత మాత్రాన అన్నదమ్ములైపోతామా? మీరు తమ్ముడూ కాదు, నేను అన్నయ్యనీ కాదు! ఆయన కూడా అరుగు మీద నుంచి "నేనూ అదే అంటున్నాను, మీరెవరో మాకు తెలియదు" అని అరిచాడు.

నువ్వు అడిగిన రుజువు ఇదే. రాతపూర్వకంగా ఇస్తున్నాను. ఆ తాటిపూడికీ మన తాటిపూడికీ నూటికి నూరు పాళ్ళూ సంబంధం లేదు. ఈ ముక్క ఆ అబ్బాయికి చూపించు, వాళ్ళ నాన్నకి కూడా పంపమను.

అప్పాజీ

*

కువైట్,
4 నవంబరు 1998

పెదనాన్నగారికి నమస్కారాలు.

మీరు చెప్పినట్టే చూపించాను. ఆయనకీ అదే టపాలో వాళ్ళ నాన్నగారి ఉత్తరం వచ్చింది. అందులోనూ సరిగ్గా ఇదే ఉంది. పెద్దాపురం వాళ్ళు మనవాళ్ళు కానే కారు, ఏ జన్మలోనూ కారు అని కింద గీత గీసి మరీ రాశారు. రెండు ఉత్తరాలూ పక్కపక్కన పెట్టుకుని చదివాం. ఆయన నవ్వారు, నేను ఏడ్చాను. తర్వాత నవ్వూ ఏడుపూ ఇద్దరం అటూ ఇటూ మార్చుకున్నాం.

పాపాయమ్మని అన్నమాటకి మాత్రం నాకూ ఒళ్ళు మండింది. దానికి ఆయన చేత మీకు క్షమాపణ రాయించాను, ఇందులోనే ఉంది. పెరుగు పొయ్యకుండానే లేచిపోయారని వాళ్ళమ్మగారు ఇంకా బాధపడుతున్నారట.

అంత గీత గీసి రాశాక వాళ్ళ నాన్నగారు ఇంక వరస కుదరదని అనలేరట. మాఘమాసంలో ఇద్దరికీ సెలవు దొరుకుతుంది. ముహూర్తం ఎప్పుడు పెట్టమంటారు?

మీ
దుర్గ

*

పెద్దాపురం,
22 నవంబరు 1998

చిరంజీవి వెంకటదుర్గకి,

ఎంత గడుసుదానివే! నా చేత్తోనే నా గొంతు పట్టించావు. ఆ ఉత్తరం రాసేటప్పుడు నీ పెళ్ళి సంగతి నా బుర్రలో లేనే లేదు. ఆ పెద్దమనిషి మీద కోపం తప్ప ఇంకేం కనిపించలేదు. నీ జవాబు చదివి రెండు రోజులు తల పట్టుకుని కూర్చున్నాను. మీ పెద్దమ్మ మాత్రం వంటింట్లో ఒక్కత్తే నవ్వుకుంటోంది. ఏంటే ఆ నవ్వు అంటే, "మీరు వెళ్ళి తేల్చుకొచ్చిన సంబంధమేగా, నన్నంటారేంటి?" అంది.

రాసిన మాట వెనక్కి తీసుకోవడం నాకు చేతకాదు. మహ్మూద్‌కి ఒక న్యాయం, నాకొక న్యాయం ఉండకూడదు. సంబంధం లేదన్నాను. లేదు కాబట్టి చేసుకోవచ్చు. మాఘ శుద్ధ దశమి బాగుందని పంతులుగారు అన్నారు. ఊళ్ళో అడిగినవాళ్ళకి అడిగినట్టల్లా చెబుతున్నాను, తాటిపూడి వేరు, తాటిపూడి వేరు అని. నవ్వేవాళ్ళు నవ్వుతున్నారు. వాళ్ళని కూర్చోబెట్టి అర్ద్, ఎర్త్ దగ్గర్నుంచి మొదలుపెడుతున్నాను. అప్పుడు పనుందని లేచిపోతున్నారు.

కానీ వీరవెంకటసత్యనారాయణని నేను క్షమించలేదు. పందిట్లో నాకు ఎదురుపడితే నమస్కారం పెడతాను, అంతే. వాళ్ళింట్లో వీరభద్రుడికి సంబరం చేసుకోనీ. మనింట్లో పాపాయమ్మకి చీర పెట్టందే నువ్వు పెళ్ళిపీట ఎక్కవు. ఇది షరతు. బుల్లెమ్మగారికి మాత్రం ఆ కూర మళ్ళీ చెయ్యమని చెప్పించు. ఈసారి పెరుగు దాకా తింటాను.

రాత్రి మీ పెద్దమ్మ ఒక మాట అంది. పెళ్ళయిన కొత్తలో ఆవిడ మనియార్డరు కాగితం మీద సంతకం పెట్టాల్సి వచ్చిందిట. చెయ్యి అలవాటు కొద్దీ పుట్టింటి పేరు రాసేసిందిట. మా అమ్మ చూసి అది కొట్టేయించి తాటిపూడి రత్తమ్మ అని రాయించిందిట. ఆ పూట ఎవరికీ చెప్పకుండా పెరట్లో కూర్చుని ఏడ్చిందిట. నలభై నాలుగేళ్ళ కాపురంలో ఈ మాట నాతో అనడం ఇదే మొదలు. మళ్ళీ తనే, "మన దుర్గకి ఆ ఏడుపు లేదులెండి" అంది.

నిజమే కదా. అందరు ఆడపిల్లల్నీ పంపించినట్టే నిన్నూ పంపిస్తాను. అప్పగింతలప్పుడు ఏడుస్తాను, ముందే చెబుతున్నాను, నన్ను ఆపకండి. కానీ నీ పేరు ముందు తాటిపూడి ఎక్కడికీ పోదు. చూసినవాళ్ళంతా అది అత్తింటివాళ్ళదనుకుంటారు. అనుకోనీ. వినడానికి రెండూ ఒకటే. మూలం నాకు తెలుసు. అది మీ నాన్నది.

కన్యాదానానికి పట్టుపంచె కొనుక్కున్నాను.

నీ పెదనాన్న,
తాటిపూడి అప్పాజీ